ప్రభ ఎక్కిన గెలాక్సీ

గెలాక్సీ నుంచి వాయువు బయటికి కొట్టుకుపోతుందని నేను ఎక్కడ నోరు తెరిచినా, ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే. "బ్లాక్ హోల్ వల్లనా మేడమ్?" కాదు నాయనా, కాదు. బ్లాక్ హోల్ చేసేచోట అది చేస్తుంది, ఎవరు కాదన్నారు? కానీ ఎన్నో గెలాక్సీల్లో ఆ పని చేసేది నక్షత్రాలు. ఒంటరి నక్షత్రాలు కాదు, ఒకేచోట గుంపుగా పుట్టిన భారీ నక్షత్రాలు. ఒక చిన్న గెలాక్సీ విషయంలో ఈ సంగతి తేల్చుకోవడానికి నా బతుకులో తొమ్మిదేళ్ళు పెట్టాను. తొమ్మిదేళ్ళ పనిని టీవీలో ఒక కార్యక్రమం చూసినవాడు ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే ఒళ్ళు మండదా?

నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాది వ్యాపారం చేసే ఇల్లు. బజారులో మా నాన్న పెట్టిన ఎలక్ట్రికల్ షాపును ఇప్పుడు మా తమ్ముడు చూస్తున్నాడు. వైరు చుట్టల మధ్య పెరిగినదాన్ని. ముగ్గు వేయడం సరిగ్గా రాకముందే హోల్డరు బిగించడం వచ్చింది నాకు. ఇంట్లో అందరూ నాకు కోపం ఎక్కువంటారు. నాకు కోపం ఎక్కువ కాదు, కోపం తెప్పించేవాళ్ళు నా చుట్టూ ఎక్కువ.

నలభై దగ్గర పడ్డాక పీహెచ్‌డీలో చేరాను, ఉద్యోగం చేసుకుంటూనే. టెలిస్కోపులు తీసిన చిత్రాలు, కొలతలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా దింపుకోవచ్చు. సెలవు రోజుల్లో షాపు మేడ మీది గదిలో, ఫ్యాన్ల అట్టపెట్టెల మధ్య కంప్యూటరు పెట్టుకుని కూర్చునేదాన్ని. కింద మా తమ్ముడు ఎవరికో మోటారు స్టార్టరు చూపిస్తుంటే, పైన నేను కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీలోంచి ఎర్రగా పొంగి వస్తున్న హైడ్రోజన్‌ను కొలిచేదాన్ని. ఆ గది నాకు చాలా ఇష్టం. ఆ గది గురించి ఎవరైనా వెటకారం చేస్తే ఊరుకునేదాన్ని కాదు.

వెటకారం చేసినవాళ్ళు తక్కువేమీ కాదు. హైదరాబాదులో ఒక సెమినారుకు వెళితే, టీ తాగుతూ ఒక ప్రొఫెసర్ "మీది ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. "ఓహో, పల్నాడా! అక్కడ బాంబులే కదండీ పేలేది, నక్షత్రాలు కూడా పేలుతున్నాయా?" అని పగలబడి నవ్వాడు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. నా పేపరు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. తిరుగు బస్సులో పిడుగురాళ్ళ దాకా పళ్ళు కొరుక్కుంటూనే వచ్చాను.

సొంతూళ్ళో ఇంకో రకం. కాలేజీలో నా తోటి లెక్చరర్ "ఎందుకండీ ఇవన్నీ పిల్లలకి? సిలబస్‌లో ఉన్నది చెబితే చాలు, ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు. చుట్టాల పెళ్ళిలో మా మరదలి వరసావిడ "ఆ గాలి ఎటు పోతే మనకేంది వదినా, కూర వడ్డించుకో" అన్నది. ఆమె మీద కోపం రాలేదు, నాకు నిజంగానే ఆకలిగా ఉన్నది. కానీ ఆ లెక్చరర్ మాట మాత్రం చెవిలో జోరీగలా ఉండిపోయింది. ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది! ఇక్కడ అంటే ఏమిటి? ఇక్కడివాళ్ళ తలకాయల్లో ఏముందని వాడి ఉద్దేశం?

అసలు ఆ సంగతి అంత కష్టమైనదేమీ కాదు. గెలాక్సీలో నక్షత్రాల మధ్య వాయువు ఉంటుంది, ఎక్కువ భాగం హైడ్రోజన్. అది దగ్గరికి చేరి, గడ్డకట్టి, నక్షత్రాలు పుడతాయి. ఒక్కోచోట ఒక్కసారే లక్షల నక్షత్రాలు పుడతాయి. వాటిలో కొన్ని వేలు సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువైనవి. బరువున్న నక్షత్రం దుబారా మనిషి లాంటిది. సూర్యుడు వెయ్యి కోట్ల ఏళ్ళు పొదుపుగా వెలిగితే, సూర్యుడికి ముప్పై రెట్లున్నది కోటి ఏళ్ళు కూడా బతకదు. బతికినన్నాళ్ళూ దాని వెలుతురే చుట్టూ ఉన్న వాయువును నెడుతుంది, దాని ఒంటి మీద నుంచి లేచే గాలి ఇంకా గట్టిగా నెడుతుంది, చివరికి అది పేలినప్పుడు సరేసరి.

ఒక్క నక్షత్రం పేలితే ఆ విసురు చుట్టూ ఉన్న వాయువులోనే చల్లబడి ఆగిపోతుంది. గుంపులో అలా కాదు. మొదటిది పేలి చోటు ఖాళీ చేస్తుంది. రెండోది ఆ ఖాళీలో పేలుతుంది, దాని విసురుకు అడ్డు లేదు. మూడోది ఇంకా దూరం తోస్తుంది. అలా ఒకదాని మీద ఒకటిగా బుడగ పెరిగి, గెలాక్సీ మందం దాటి పైకీ కిందికీ పగులుతుంది. అక్కడి నుంచి వాయువు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో బయటికి పోతుంది. క్లాసులో నేను మిరపకాయల సంగతి చెప్పేదాన్ని. ఒక ఇంట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే ఆ ఇంట్లోవాళ్ళే దగ్గుతారు. ఒకే వీధిలో పది ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరు తెరిపి ఇవ్వకుండా వేయిస్తే వీధి వీధంతా ఖాళీ. మా పిల్లలకు ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు, అందరూ గుంటూరు మిరపకాయ తిన్నవాళ్ళే. వెనక బెంచీ నుంచి కూడా ప్రశ్నలు వచ్చేవి. ఎవరికి అర్థమవుతుందట!

ఇలా రగిలిపోతూ ఉన్న రోజుల్లోనే ప్రభ సంగతి వచ్చింది.

ఏటా శివరాత్రికి నెల ముందు నుంచి ప్రభల కమిటీలవాళ్ళు మా షాపుకు వస్తారు. కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళు కట్టుకుని వచ్చే ప్రభలను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళు తాటిచెట్లను మించిన ఎత్తును ఊహించుకోవాలి. వెదుళ్ళతో, కర్రలతో చట్రం కట్టి, రంగుగుడ్డలు చుట్టి, నిలువెల్లా కరెంటు బల్బులు పెట్టి, జనరేటరుతో సహా కొండ కిందికి లాక్కొచ్చి నిలబెడతారు. చీకటి పడేసరికి వాటి మీద బల్బుల నెమళ్ళు పురి విప్పుతాయి, తామరపూలు విచ్చుకుంటాయి, చక్రాలు తిరుగుతాయి. ఊరికీ ఊరికీ మధ్య పోటీ అంతా ఇంతా కాదు.

ఆ ఏడు మా నాన్న కాలం నుంచి వచ్చే ఒక ఊరి కమిటీ పెద్ద షాపులో నన్ను పట్టుకున్నాడు. నేను బాబాయ్ అని పిలిచే మనిషి. మిర్చి పండిస్తాడు, మాట కరుకు, మనసు మంచిది.

"అమ్మాయ్, ఏటా నెమలి, ఏటా తామరపువ్వు. పక్కూరోళ్ళు నవ్వుతన్నారు. నువ్వు చుక్కల చదువు చదివావు గదా, కొత్తది ఏదన్నా చెప్పు" అన్నాడు.

 వైరు చుట్ట వచ్చిన అట్టపెట్టె చింపి, దాని మీద అప్పటికప్పుడే గీశాను. పక్క నుంచి చూసిన గెలాక్సీ, నడుమ లావుగా, చివర్లు సన్నగా, కదురు లాగా. దానికి పసుపు బల్బులు. నడిమధ్యలో గుంపుగా నీలం బల్బులు, అవి భారీ నక్షత్రాలు, ఒకదాని తర్వాత ఒకటి భగ్గున వెలిగి ఆరాలి. అక్కడి నుంచి పైకీ కిందికీ విసనకర్రలా విచ్చుకునే ఎర్రబల్బుల వరసలు, అది వాయువు. ఆ ఎర్రవెలుతురు నడుమ నుంచి బయటికి పరిగెత్తాలి. అంతా ఆయనకు చెప్పాను, మిరపకాయల సంగతితో సహా. ఆయన అట్టముక్కను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"చానా బాగుంది. ఎర్రలైట్లు దూరానికి బాగా కనపడతయ్" అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన రంగు గురించి తప్ప ఇంకేమీ అనలేదు. కానీ ఆ రోజు నాకు అది పట్టలేదు. నా మనుషుల ముందు, నేను పుట్టి పెరిగినచోట, లక్షల మంది తలెత్తి చూసే దాని మీద, ఈ సంగతి ఒక్కసారి సరిగ్గా కనపడాలి. నాకు కావలసింది అదొక్కటే. హైదరాబాదు ప్రొఫెసరుకు అదే నా జవాబు అనుకున్నాను.

ఆ బొమ్మ ప్రకారం బల్బుల బోర్డు కట్టే పని లైటింగ్ మేస్త్రిది. అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల ప్రభలకు నలభై ఏళ్ళుగా లైట్లు కడుతున్నాడు. వేళ్ళ చివర్లన్నీ కాలిన మచ్చలే. నాకు ఆయనంటే గౌరవం. మా షాపు వెనక వరండాలో చట్రం పరిచి వారం రోజులు కూర్చుని కట్టాడు. పరుగెత్తే వెలుతురుకు కిటుకు చాలా చిన్నది. బల్బులను మూడు వరసలుగా కలుపుతారు. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి, రెండు, మూడు. కంట్రోల్ డబ్బా ఆ మూడింటినీ వరసగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే, చూసేవాళ్ళకు వెలుతురు పరిగెత్తినట్టు ఉంటుంది. నేల మీదే వెలిగించి చూశాం. నీలం బల్బులు భగ్గుమన్నాయి, ఎర్రవెలుతురు నడుమ నుంచి బయటికి ఉరికింది. నేను చప్పట్లు కొట్టాను. మేస్త్రి మాత్రం ఏమీ మాట్లాడకుండా గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

శివరాత్రి రోజు సాయంత్రం నేను కొండ కిందికి వెళ్ళేసరికి జనం ఇసక వేస్తే రాలనట్టు ఉన్నారు. ప్రభలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. మా ప్రభ పైభాగాన స్వామి పటం, దాని కిందే మా బోర్డు. పొద్దు వాలింది. జనరేటరు అందుకుంది. ఒక్కొక్క దీపమే వెలిగి ప్రభ అంతా వెలుగులో మునిగింది. నేను తలెత్తి చూశాను.

వాయువు లోపలికి పోతున్నది.

మొదట కళ్ళు మోసం చేస్తున్నాయనుకున్నాను. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. లేదు. పై నుంచి, కింద నుంచి ఎర్రవెలుతురు వరసలు వరసలుగా వచ్చి నడుమ ఉన్న నీలం గుంపులో కలిసిపోతున్నాయి. భగ్గుమన్న నక్షత్రాలు వాయువును తోయడం మానేసి పిలుచుకుంటున్నాయి. లోపలికి పడే వాయువుది పూర్తిగా వేరే కథ. లోపలికి పడితే నక్షత్రాలు పుడతాయి, బయటికి పోతే పుట్టుక మందగిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. నా తొమ్మిదేళ్ళ పని అరవై అడుగుల ఎత్తున, లక్షల మంది ముందు, ఎర్రగా, అందంగా, తప్పుగా వెలుగుతున్నది.

జనాన్ని తోసుకుంటూ జనరేటరు దగ్గరికి పోయాను. మేస్త్రి కంట్రోల్ డబ్బా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ, అది తిరగబడింది! షాపులో సరిగ్గానే ఉంది కదా!" అని అరిచాను.

ఆయన లేచి నిలబడ్డాడు. ఏమాత్రం తొణకలేదు. "తిరగబళ్ళేదమ్మా. నేనే తిప్పా" అన్నాడు.

"ఎందుకు?"

"మీరు చదువుకున్నోళ్ళు. తొందరలో తలకిందులుగా గీశారేమో అనుకున్నా. పదిమందిలో అంటే మీరు చిన్నబుచ్చుకుంటారని అప్పుడు ఏమీ అన్లా. ఊళ్ళో ప్రభకెక్కించేటప్పుడు నేనే సరిచేశా."

సరిచేశాడట!  మేస్త్రి నా మొహం చూసి ఇంకాస్త నెమ్మదిగా చెప్పాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ప్రభకు నడుమ స్వామి చోటమ్మా. నలభై ఏళ్ళుగా కడతన్నా. నెమలైనా, చక్రమైనా, వెలుగు నడిమికి రావాల. నడుమ నుంచి బయటికి పారిపోయేట్టు ఏనాడూ కట్లా. అట్టా కడితే ఊరికి మంచిది గాదు."

నా కోపం ఎటు పోవాలో తెలియని పరిస్థితి అది. ఆ మనిషి నన్ను అవమానించలేదు, నా పరువు కాపాడాననుకుంటున్నాడు. దానికే నాకు ఇంకా మండింది. నేను తప్పు గీసి ఉంటానని ఆయనకు అనుమానం వచ్చిందే, ఒక్క మాట అడిగితే ఏం పోయేది? అడగలేదు. ఆడమనిషి గీసింది, లెక్చరరమ్మ గీసింది, తలకిందులైందేమో, పోనీలే పాపం. ఈ పోనీలే పాపం చేత నేను ఎన్నిసార్లు దెబ్బ తిన్నానో లెక్కలేదు. సెమినారులో ఆ నవ్వు నయం, అది ఎదురుగా వచ్చింది.

ఈలోగా కమిటీ బాబాయ్ వచ్చాడు. తెల్లపంచె, మెడలో కొత్త కండువా, చేతిలో మైకు. చందాలిచ్చినవాళ్ళ పేర్లు చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి వచ్చినట్టున్నాడు. సంగతి విన్నాడు.

"పోనీలే అమ్మాయ్. లోపలికి పోతే ఏంది, బయటికి పోతే ఏంది? లైట్లు ఎలుగుతన్నయ్ గందా. ఎవరికి తెలుసుద్ది?" అన్నాడు.

ఇక నేను ఆగలేదు. ఆయన నాకు తండ్రి వయసువాడని కూడా చూడలేదు. "ఎవరికి తెలుస్తుందా? నాకు తెలుసు! వీళ్ళకు తెలియాలనే కదా అది కట్టించింది! అందరూ ఇదే మాట. బయటివాళ్ళేమో పల్నాడువాళ్ళకేం తెలుసంటారు, మీరేమో మనవాళ్ళకేం తెలుస్తుందంటారు. మిర్చి ఏ పురుగు తిన్నదో ఆకు చూసి చెప్పే మనుషులు బాబాయ్ వీళ్ళు. వాళ్ళకు తెలియదని తప్పు చూపిస్తారా? నెమలి తోక ముందుకు పెట్టి కడితే ఒప్పుకుంటారా మీరు? ఇది ఒప్పుకోవాలా నేను?"

చుట్టూ నలుగురు ఆగి చూశారు. బాబాయ్ కండువా సర్దుకున్నాడు. "ఎందుకమ్మా అంత కోపం" అని గొణిగి, మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"నా చేత్తో నేను తిప్పను. కావాలంటే నన్ను తిట్టండి."

నేను గొంతు తగ్గించాను. "మేస్త్రీ, ఇది స్వామి దగ్గర నుంచి పారిపోవడం కాదు. పెద్ద నక్షత్రాలు పేలి చుట్టూ ఉన్న గాలిని తోస్తాయి. అది బయటికి పోతేనే నిజం. నిజం కట్టినందుకు ఊరికి చెడు జరుగుతుందా?"

 ఆయన జేబులో నుంచి టెస్టరు తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టి, కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. "మీరు తిప్పుకుంటే నేను చూళ్ళేదు" అన్నాడు.

మూడు వరసల బల్బుల్లో పరుగును తిరగేయాలంటే రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మారిస్తే చాలు. స్విచ్చి ఆపాను. బోర్డు ఆరిపోయింది. రెండు స్క్రూలు వదులు చేసి, వైర్లు మార్చి, బిగించి, స్విచ్చి వేశాను. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతం. తలెత్తితే, ఎర్రవెలుతురు నీలం గుంపులో నుంచి పైకీ కిందికీ బయటికి ఉరుకుతున్నది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపానికో, సంతోషానికో నేను చెప్పలేను.

జనం వైపు చూశాను. ఎవరూ ఆగలేదు. ఎవరూ చెయ్యెత్తి చూపించలేదు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు, పానకం తాగేవాళ్ళు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకునేవాళ్ళు, అందరూ ఇందాకటి లాగే కదిలిపోతున్నారు. ఆ వీడియోల్లో సగం తప్పు గెలాక్సీ, సగం సరైన గెలాక్సీ ఉంటాయి. ఏది ఏదో ఎవరికీ తెలియదు.

బాబాయ్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "చూశావా అమ్మాయ్? ఇంత గోల చేశావ్. ఒక్కళ్ళన్నా కనిపెట్టారా?"

 ఆయన పేర్లు చదవడానికి వెళ్ళిపోయాడు. నేను టెస్టరు మేస్త్రికి ఇచ్చేసి, రోడ్డు దాటి అవతలికి పోయాను. జనరేటరు మోత అక్కడ కాస్త తక్కువ.  గట్టు మీద కూలబడ్డాను. పక్కనే గోతం పరుచుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎన్నో ఏళ్ళ ఎండ చూసిన మొహం. పక్కన మూట, దాని మీద చెయ్యి. తలెత్తి మా ప్రభనే చూస్తున్నది.

"ఆ డబ్బా కాడ తిప్పింది నువ్వేనా?" అన్నది, నా వైపు చూడకుండానే.

"అవునమ్మమ్మా."

"పొద్దు గూకినప్పటి నుంచీ చూస్తన్నా. ఇందాక లోనికి ఉరుకుతా ఉన్నయ్ ఎర్రయి. నువ్వు తిప్పినాక బయటికి ఉరుకుతన్నయ్. ఎందుకు తిప్పావు?"

ఒక్కళ్ళు కనిపెట్టారు. బాబాయ్ అక్కడ ఉంటే బాగుండు, చెయ్యి పట్టి లాక్కొచ్చేదాన్ని. కానీ నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ నిమిషంలో నాకు కలిగింది సంతోషం కాదు, విసుగు. అలిసిపోయి ఉన్నాను. ఎవరికీ ఏమీ చెప్పాలని లేదు. "ఏం లేదులే అమ్మమ్మా, వైర్లు తప్పు పడ్డాయి, మార్చాను" అన్నాను.

"వైర్ల సంగతి గాదు నేనడిగింది. ఆ బయటికి పోయేది ఏంది?"

"అదా? ఆకాశంలో సంగతిలే. చెప్పినా నీకు అర్థం కాదు."

ఆవిడ అప్పుడు నా వైపు తిరిగింది. కోపంగా కాదు, మామూలుగానే.

"చెప్పకముందే అర్థంగాదని నీకెట్టా తెలుసు?" అన్నది.

 హైదరాబాదు ప్రొఫెసరు నవ్వినప్పుడు కూడా అంత దెబ్బ తగల్లేదు. తొమ్మిదేళ్ళుగా ఎవరు ఏ మాట అంటే ఒంటికాలి మీద లేచానో, పావుగంట కింద తండ్రి లాంటి మనిషిని నలుగురిలో ఏ మాటకు కడిగేశానో, అదే మాట నా నోట్లో నుంచి, ఏ ఇబ్బందీ లేకుండా, ఎంత హాయిగా వచ్చింది!

"తప్పయింది అమ్మమ్మా" అన్నాను. గట్టు దిగి గోతం చివర కూర్చుని చెప్పాను. ఆ నీలం చుక్కలు చుట్టూ ఉన్న గాలిలో నుంచే ఒకేచోట పుట్టిన పెద్ద నక్షత్రాలని, తొందరగా కాలి పేలిపోతాయని, ఒకటి పేలితే ఏమీ కాదని, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఒకేచోట పేలితే చుట్టూ ఉన్న గాలినంతా ఊరవతలకి తోసేస్తాయని.  క్రోసూరు పక్కన ఒక పల్లె ఆవిడది, పత్తి తీసి బతికిందట. నేను చెప్పడం అయిపోయాక బోర్డు వైపు చెయ్యెత్తి చూపించింది.

"ఆ గాల్లో నుంచే గదా చుక్కలు పుట్టేది, నువ్వే అన్నావు. ఆ పెద్దయ్యే పుట్టి, ఉన్న గాలంతా తోలేస్తే, ఎనక పుట్టబోయేవాటికి ఏం మిగులుద్ది?"

నా థీసిస్‌లో చివరి అధ్యాయం మొత్తం ఆ ప్రశ్నే. దాన్ని సరిగ్గా అడగడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

"చిన్న గెలాక్సీ అయితే దాదాపు ఏమీ మిగలదు అమ్మమ్మా. పట్టి ఉంచే బలం దానికి ఉండదు. పోయింది పోయినట్టే. పెద్దదైతే కొంత వెనక్కి పడుతుంది, చాలా కాలానికి" అన్నాను.

"అన్యాయం గదా" అన్నది ఆవిడ. నక్షత్రాల గురించి అంత సూటిగా ఎవరూ కోప్పడగా నేను వినలేదు. మూట దగ్గరికి లాక్కుంటూ, "ఇంత సంగతి ఉంటే ఆ బొమ్మ కింద రెండు ముక్కలు రాసి పెట్టొద్దూ? నాకు చదువు రాదనుకో, వచ్చినోళ్ళు చదివి చెబుదురు. ఇంతసేపూ అది ఏందో తెలవక చూస్తా కూచున్నా" అన్నది.

నేను బోర్డు వైపు చూశాను. కింద గుడ్డ ఖాళీగా ఉంది, ఎంత రాసినా పట్టేంత వెడల్పు. రాయొద్దని మేస్త్రి అనలేదు. బాబాయ్ అనలేదు. కాలేజీలో లెక్చరర్‌కు ఆ బోర్డు సంగతే తెలియదు. అట్టముక్క మీద ప్రతి బల్బుకూ రంగు రాసి ఇచ్చిన నాకు, చూసేవాళ్ళ కోసం ఒక్క వాక్యం రాయాలని తోచనే లేదు. చదివి తెలుసుకునేవాళ్ళు అక్కడికి వస్తారని నేనే అనుకోలేదు.